అరుపులు మాత్రం నీవి

హదస్సా వంటింట్లో మిక్సీ వేసిందంటే అది పచ్చడి కోసమే అనుకోవడానికి లేదు. తమ ఇంట్లో తిరిగినంతగా నేరేడ్‌మెట్ మొత్తంలో ఏ హోటల్లోనూ మిక్సీ తిరగదని అత్తగారు మేబెల్ అంటూనే ఉంటుంది. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. ఇంట్లో అరవడానికి వీల్లేదు కాబట్టి హదస్సా మిక్సీ మోత కింద తన పని తాను చేసుకుంటుంది. ఇంట్లోవాళ్ళకు పచ్చడి వస్తుంది, ఆమెకు సాధన అవుతుంది.

ఆ శుక్రవారం పొద్దున నిజంగానే నూరాల్సినవి బోలెడున్నాయి. సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూటం. ఏటా పెళ్ళిరోజున పాస్టరుగారినీ, సంఘంలోని నాలుగైదు కుటుంబాలనూ పిలిచి కృతజ్ఞతా కూటం పెట్టుకోవడం భర్త రిచర్డ్ వాళ్ళ ఇంటి ఆనవాయితీ. పాటలు, వాక్యం, దంపతుల సాక్ష్యం, ఆ తరవాత భోజనాలు. కూటం దేవుడికి, భోజనాలు హదస్సాకు. గుంటూరు నుంచి వచ్చిన మేబెల్‌కు పెళ్ళిరోజంటే కొబ్బరన్నం, కోడికూర ఉండి తీరాలి. అందుకని హదస్సా కొబ్బరి ముక్కలు జార్లో వేసి, మీట నొక్కి, మోత అందుకోగానే గొంతు దించి అంది. "రేపటి నుంచి నేను రాను. మీలోనే ఎవరో ఒకరు లేవండి." బాగా రాలేదు. మరీ కుర్రవాడిలా ఉంది. ఇంకాస్త దించి మళ్ళీ అంది. ఇప్పుడు ముసలాడిలా ఉంది. మూడోసారి మొదలుపెట్టిందో లేదో కరెంటు పోయింది. మిక్సీ ఆగిపోయింది కానీ ఆమె ఆగలేకపోయింది.

"రేపటి నుంచి నేను రాను. మీలోనే ఎవరో ఒకరు లేవండి!"

హాల్లో బైబిలు చదువుకుంటున్న మేబెల్ కళ్ళద్దాల పైనుంచి చూసింది. "ఎక్కడికి రావమ్మాయ్? ఎవరు లేవాలి?"

"ఏం లేదత్తయ్యా. మావోడి డైలాగు."

"ఆ అగ్గిపెట్టెగాడిదా? కొబ్బరి మెత్తగా అయిందో లేదో చూడు ముందు."

అగ్గిపెట్టె కాదు, అగ్గిపిట్ట. ఎక్కడో పరదేశంలో తయారైన బొమ్మల సీరియల్. రెక్కలున్న అంగీ తొడుక్కుని, ముఖానికి ముసుగు కట్టుకుని మంటల్లోకి దూకి జనాన్ని కాపాడే ఒక పిల్లాడి కథ. పిల్లల ఛానెల్లో వాడు తెలుగు మాట్లాడడం మొదలుపెట్టి ఎనిమిదేళ్ళయింది. ఆ ఎనిమిదేళ్ళూ వాడి గొంతు హదస్సాదే. డబ్బింగ్ పనిలో ఇది వింతేమీ కాదు. మగపిల్లాడి పాత్రకు మగపిల్లాణ్ణే పెడితే రెండేళ్ళు తిరక్కుండా గొంతు మారిపోతుంది, మళ్ళీ ఇంకొకణ్ణి వెతుక్కోవాలి. అందుకే ఆడవాళ్ళతో చెప్పిస్తారు. టీవీ ముందు కూర్చుని అన్నం తినే పిల్లలకు ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తెలిసిన రిచర్డ్ మాత్రం బయట చెప్పుకోడు. సంఘంలో ఎవరైనా "మీ మిసెస్ ఏం చేస్తారండీ?" అని అడిగితే, "ఏదో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తది" అంటాడు. పెళ్ళాం బొమ్మల సీరియల్లో పిల్లాడిలా అరుస్తుందని చెప్పుకోవడానికి రైల్వే ఆఫీసులో సూపరింటెండెంటుకు నామోషీగా ఉంటుంది కాబోలు.

కానీ ఆ అరుపే హదస్సాకు దొరికిన భాగ్యం. బొల్లారంలో ఆమె పుట్టింట్లో ఆడపిల్ల గొంతు గేటు దాటకూడదు. అన్నలు ఇంటి వెనక మైదానంలో క్రికెట్ ఆడుతూ గొంతు చించుకుంటుంటే, ఆమె వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ వాళ్ళు ఏ అరుపు ఎందుకు అరిచారో లోపల్లోపల నేర్చుకునేది. క్యాచ్ పట్టినప్పుడు ఒకలా, పట్టుకోలేక వదిలినప్పుడు ఒకలా, బంతి తగిలి ఏడుపు ఆపుకున్నప్పుడు ఇంకోలా. పెళ్ళయ్యి, కూతురు క్యారల్ నాలుగో తరగతికి వచ్చాక, చర్చి నాటకంలో ఆమె కంఠం విన్న ఎవరో మారేడ్‌పల్లి సందులోని స్టూడియోకు తీసుకెళ్ళారు. గాజు గదిలో నిలబెట్టి "అరువమ్మా, ఎంత గట్టిగ అరుస్తవో అరువు" అన్నారు. ఆమె అరిచింది. అద్దం అవతల డబ్బింగ్ డైరెక్టర్ కల్పలత చేతిలో చాయ్ ఒలికింది. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ హదస్సా కిటికీ వైపు తిరిగి చాలాసేపు నవ్వుకుంది.

డబ్బింగ్‌లో మాటలు ఒక ఎత్తు, అరుపులు ఒక ఎత్తు. దెబ్బ తగిలితే ఒక మూలుగు, గోడకు గుద్దుకుంటే ఒక కేక, ఎగిరేముందు తీసుకునే ఊపిరి, కింద పడ్డాక లేవడానికి పడే ప్రయాస, ఇవన్నీ విడిగా రికార్డు చేస్తారు. మాటలన్నీ అయ్యాకే అరుపులు పెట్టుకుంటారు. ఎందుకంటే వాటి తరవాత గొంతు మిగలదు. ఒకసారి ఒక కొండచరియ సీను కోసం ఇంట్లోనే సాధన చేస్తుంటే పక్కింటి శారదమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. రిచర్డ్ పెళ్ళాన్ని కొడుతున్నాడనుకుంది పాపం. కొట్టడం లేదని, ఇది ఉద్యోగమని చెబితే, "ఐతే ఏం లేదా?" అని కొంచెం నిరాశగానే వెళ్ళిపోయింది. రిచర్డ్ నాలుగు రోజులు మాట్లాడలేదు. "గల్లీ మొత్తానికి నన్ను రౌడీని చేసినవ్" అన్నాడు. మిక్సీ పద్ధతి అప్పట్నుంచి వచ్చిందే. హదస్సాకు అప్పుడొక అనుమానం వచ్చి అలాగే ఉండిపోయింది. కొడితే పరుగెత్తుకు రావడానికి పక్కింటివాళ్ళున్నారు, కొట్టకుండా జరిగేవాటికి ఎవరు వస్తారు?

అరుపుల రోజు సాయంత్రం ఆమె ఇంటికి గొంతు లేకుండా వచ్చేది. మొదట్లో అందరూ కంగారుపడ్డారు. రిచర్డ్ అతిమధురం ముక్కలు తెచ్చిపెట్టాడు, వేడినీళ్ళు కాచి ఇచ్చాడు. నిజం చెప్పాలంటే అలాంటి రోజుల్లోనే అతను మహా ప్రేమగా ఉండేవాడు. ఎదురు మాట్లాడని మనిషిని ప్రేమించడం ఎవరికైనా సులువే. మెల్లిగా ఇంట్లో ఏ పెద్ద విషయమైనా ఆ సాయంత్రాలే తేలడం మొదలైంది. మేబెల్ గుంటూరు ఇల్లు అద్దెకిచ్చి ఇక్కడికి వచ్చేయడం అలాంటి ఒక సాయంత్రమే ఖాయమైంది. క్యారల్ ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో ఇంకో సాయంత్రం. బొల్లారంలో తల్లి సమాధి రాయి మార్పించడానికి హదస్సా దాచుకున్న డబ్బు కారు రిపేరుకు పోయిందీ అలాగే. రిచర్డ్ అబద్ధమాడడు. ప్రతిదీ ఆమెను అడుగుతాడు. ఎదురుగా కూర్చుని, చెయ్యి పట్టుకుని మరీ అడుగుతాడు. ఆమె తల అడ్డంగా ఊపితే "నొప్పి ఉందా? సరే మాట్లాడకులే" అంటాడు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. రిచర్డ్ దాన్ని పూర్తి అంగీకారం కిందే తీసుకునేవాడు. మర్నాడు గొంతు వచ్చాక ఏమైనా అనబోతే, "నిన్న అడిగిన కదా, నువ్వేం అనలేదు" అనేవాడు. మేబెల్ అయితే "ఊరుకున్నంత ఉత్తమం, బోడిగుండంత సుఖం లేవన్నారమ్మాయ్" అని నవ్వేది. చివరికి క్యారల్ కూడా ఫోనెత్తి, "మమ్మీకి గొంతు లేదు, డాడీని అడుగుర్రి" అనడం నేర్చుకుంది.

కరెంటు వచ్చింది. కొబ్బరి పాలు పిండి, కోడికూర పొయ్యి మీద పెట్టి, రిచర్డ్‌కు ఉప్మా వడ్డించింది.

"ఇయాల్టితో అయిపోతది కదా?" అన్నాడతను.

"ఆఖరి సీజన్ అండీ. ఇంకా రెండు ఎపిసోడ్లున్నయి. ఇయాల షురూ చేస్తం."

"అదే, ఇగ ఫ్రీ అయితవ్. మంచిదైంది. అమ్మ మోకాలి ఆపరేషన్ వచ్చే నెలల పెట్టుకుందాం. పాస్టరుగారికి సుత చెప్పిన, నువ్వు పని మానేస్తున్నవని."

హదస్సా చేతిలో గరిటె ఆగింది. "ఎప్పుడు చెప్పిన్రు? నేనెప్పుడన్న?"

"అరే, పోయిన నెల అడిగిన కదా హదస్సా. ఆ సీజన్ అయినంక ఇంట్లనే ఉంటవా అంటే నువ్వేం అనలేదు." అతను ఆశ్చర్యపోయినట్టే చూశాడు. అతని ముఖంలో దొంగతనం ఏమీ లేదు. అదే హదస్సాకు ఎక్కువ నీరసం తెప్పించింది. దొంగైతే పట్టుకోవచ్చు. ఇతను తలుపు తీసే ఉంది కదా అని లోపలికొచ్చిన మనిషి. బస్సుకు టైమవుతోంది, కూర అడుగంటుతోంది, క్యారల్ హాల్ టికెట్ కోసం ఇల్లంతా తిరగేస్తోంది. ఆమెకు పోట్లాడే ఓపిక లేక, స్టవ్ తగ్గించి తయారవడానికి వెళ్ళింది.

బస్సులో సీటు దొరికింది. ఒళ్ళో సంచి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అగ్గిపిట్ట ఆఖరి సీను ఆమెకు కల్పలత ముందే పంపింది. ఆఖరి రెండు ఎపిసోడ్లలో కథ కొన్నేళ్ళు ముందుకు దూకుతుంది. పిల్లాడు యువకుడవుతాడు. ఊళ్ళో ఏ చిన్న పొగ లేచినా జనం కిటికీల్లోంచి వాడినే పిలుస్తుంటారు. ఎవరి బకెట్టు వాళ్ళు ఎత్తడం మానేసి చాలా కాలమైంది. చివరి మంట ఆర్పేసి, ఒళ్ళంతా కాలి, వాడు నడివీధిలో ముసుగు తీసి ఆ మాట అంటాడు. రేపటి నుంచి నేను రాను. ఆ మాట చదివిన రోజు హదస్సా వంటింటి గట్టు మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడిపోయింది. ఈ మాట తను చెప్పాలి. ఇంతకాలం వాడి దెబ్బలన్నీ తిన్నది ఈ ఒక్క మాట చెప్పడానికే అనిపించింది. అది చెప్పాక పని ఉన్నా లేకపోయినా సరే అని కూడా అనిపించింది.

స్టూడియోలో సోఫా మీద ఒకాయన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. రాఘవేందర్. రోజూ రాత్రి భోజనాల వేళ మేబెల్ చూసే సీరియల్లో పెద్దన్నయ్య. "మీరేనా అక్కా అగ్గిపిట్ట? అరే, మా పాప మీకు ఫ్యాన్!" అని లేచి నమస్కారం పెట్టాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు.

కల్పలత హదస్సాను చాయ్ పెట్టుకునే చిన్న గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. "ఫోన్ల చెప్పబుద్ధి కాలేదు హదస్సా. ఆఖరి రెండు ఎపిసోడ్లకు ఛానెల్‌వాళ్ళు మొగ గొంతు కావాలన్నరు. పేరున్నోడు కావాలన్నరు. రాఘవేందర్ చెప్తడు."

హదస్సాకు మొదట మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక అడిగింది. "మరి నన్నెందుకు పిలిచిన్రు మేడమ్?"

"ఫైట్ ఉంది కదా. మంటలు, దెబ్బలు, పడుడు, లేసుడు. అరుపులు మాత్రం నీవి. జెర కిందికి దించి అరువు, మన లూకా మిషన్ల ఇంకా దించుతడు. ఎవ్వరికీ తెల్వది."

"ఆయన అరవడా?"

"ఆయనకు రేపు పొద్దున షూటింగ్ ఉంది. గొంతు పాడైతే ఆళ్ళ సెట్ మొత్తం ఆగుతది."

"నా గొంతు పాడైతే?"

కల్పలత చాయ్‌లో చక్కెర కలుపుతూ, విసుగు లేకుండా, దాదాపు ప్రేమగానే అంది. "నీకేముంది హదస్సా, ఇంటికే కదా పోయేది."

మనిషిని చెంపదెబ్బ కొట్టినా ఇంత నిజంగా తగలదు. ఇంటికే కదా పోయేది. నిజమే. అక్కడ ఆమె గొంతు కోసం ఏ సెట్టూ ఆగదు. గొంతు లేకపోయినా కుక్కరు కూత పెడుతుంది, బట్టలు ఆరతాయి, లంచ్ బాక్సులు సర్దుకుంటాయి. ఆ ఇల్లు ఆమె చేతుల మీద నడుస్తుంది, కాళ్ళ మీద నడుస్తుంది, గొంతు మీద మాత్రం నడవదు. ఇన్నేళ్ళూ తన ఇంటివాళ్ళు మాత్రమే ఆ సంగతి కనిపెట్టారనుకుంది. కల్పలతకూ తెలుసన్నమాట. ఆమె కూడా ఆడమనిషే, ఒకప్పుడు ఎందరో కథానాయికలకు గొంతిచ్చి, వయసు మీద పడ్డాక ఈ కుర్చీలోకి మారిన మనిషి. ఆమె ఇంటికెళ్ళేది ఏ గొంతుతోనో హదస్సా ఎప్పుడూ అడగలేదు. ఎవరు ఎవరిని అడిగారు కనక. కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. ఒంట్లో ఎముకలన్నీ ఒక్కసారి బరువెక్కినట్టు ఉత్త అలసట వచ్చింది. సరే మేడమ్ అంది, అలవాటు కొద్దీ.

రాఘవేందర్ మాటలు చెబుతుంటే ఆమె సౌండ్ ఇంజనీర్ లూకా పక్కన కూర్చుంది. కుర్రవాడు తెరవైపు తప్ప ఆమెవైపు చూడడం లేదు. ఆఖరి సీను వచ్చింది. "రేపటి నుంచి! నేను! రాను!" రాఘవేందర్ గర్జించాడు. సీరియల్లో తమ్ముళ్ళను ఇంట్లోంచి గెంటేసే పెద్దన్నయ్య గొంతు అది. అలా కాదు, అనుకుంది హదస్సా. అన్నేళ్ళు మోసినవాడు గర్జించడు. వాడికి గర్జించే శక్తి ఉంటే ఇంకో మంట ఆర్పేవాడు. వాడు ఆ మాట మెల్లిగా అంటాడు, విన్నారో లేదో అనే చింత కూడా లేకుండా అంటాడు. కల్పలతకు అది తెలియక కాదు. తెలిసే, "సూపర్" అంది.

తరవాత హదస్సా వంతు. ఆమె గాజు గదిలోకి వెళ్ళి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. వాటికి అతని తలనూనె వాసన ఉంది. ఇక మొదలుపెట్టమని చెవిలో మూడు సార్లు టిక్ టిక్ మంది. తెర మీద రాక్షసుడి చెయ్యి అగ్గిపిట్టకు తగిలింది. ఆమె నోరు తెరవలేదు.

"అక్కా, క్యూ వినబడ్తలేదా?" లూకా గొంతు.

"వినబడ్తుంది లూకా."

మళ్ళీ టిక్ టిక్. వాడు వెళ్ళి గోడకు గుద్దుకున్నాడు. ఇటుకలు రాలాయి. చిన్న చప్పుడు కూడా లేదు. వాడు లేచాడు, మళ్ళీ పడ్డాడు. నోరంతా తెరిచి అరిచాడు, ఏమీ వినపడలేదు. ఎనిమిదేళ్ళలో వాడు ఆమె లేకుండా దెబ్బలు తినడం ఇదే మొదటిసారి. హదస్సా చూస్తూ నిలబడింది. వాడి మీద జాలి కలిగింది కానీ ఊపిరి మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు. ముందే అనుకుని చేసిన పని కాదది. సరే మేడమ్ అన్న మనిషే గదిలోకి వచ్చింది, కానీ దవడ కదల్లేదు.

"నేను చెయ్య మేడమ్," అంది మైకులో.

"ఏందీ?"

"మాటలు ఆయనవైతే దెబ్బలు సుత ఆయనవే. ఆయన్నే అరవమనుర్రి."

అద్దం అవతల కల్పలత ఏదో గట్టిగా అంటున్నట్టు పెదాలు కదిలాయి. రాఘవేందర్ చెయ్యి ఊపి, "నేనే చేస్తలే మేడమ్, పరేషాన్ కాకుర్రి" అని లోపలికి వచ్చాడు. ఉత్సాహంగానే మొదలుపెట్టాడు. రెండు అరుపులకు గొంతు బొంగురుపోయింది. మూడోదానికి దగ్గు ముంచుకొచ్చి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. బయటికొచ్చి గోడకానుకుని, "ఇట్ల ప్రతిసారి చేస్తరా అక్కా?" అని అడిగాడు. తన పని గురించి ఎవరైనా ఒక ప్రశ్న అడగడం హదస్సాకు అంతకుముందు గుర్తు లేదు. అతను మేనేజరుకు ఫోన్ చేసి, రేపటి షూటింగ్ సంగతి మాట్లాడుతూ కారెక్కి వెళ్ళిపోయాడు.

కల్పలత కుర్చీలో వెనక్కి వాలింది. "ఇగ చెప్పు. ఏం కావాలె నీకు?"

"ఆఖరి సీన్ ఇప్పుడు నేను చెప్త. అరుపులు, మాటలన్నీ అయినంక, ఇంకో రోజు చేస్త. చేస్తే అన్నీ నేనే చేస్త, లేకపోతే ఏదీ వద్దు."

"వాడు పెద్దోడైండు హదస్సా."

"నా దగ్గర్నే పెద్దోడైండు మేడమ్. సీజన్ సీజన్‌కు జెర జెర గొంతు దించుకుంట వస్తున్న. మీకెవరికీ తెల్వలే, అంతే."

కల్పలత తెర మీద ఆగి ఉన్న అగ్గిపిట్ట వైపు చూసింది. తరవాత లూకాకు సైగ చేసింది. హదస్సా నిలబడి, ఏ మిక్సీ మోతా లేకుండా, ఆ రెండు మాటలు చెప్పింది. గొంతు దించడం గురించి ఆలోచించలేదు. పొద్దున రిచర్డ్ ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడినప్పుడు ఒంట్లో ఉన్న అలసటనే గొంతులోకి రానిచ్చింది. ఒక్కసారికే అయిపోయింది. లూకా రికార్డింగ్ ఆపే మీట నొక్కడం మరిచిపోయి కూర్చున్నాడు. కల్పలత సూపర్ అనలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "సోమవారం ఛానెల్‌కు వినిపిస్త" అంది. "ఒప్పుకుంటరో లేదో తెల్వది. ఒప్పుకోకపోతే నిన్ను మళ్ళ పిలుస్తరని నేను మాట ఇయ్యలేను."

"తెలుసు మేడమ్."

ఇంటికి చేరేసరికి సాయంత్రమవుతోంది. గుమ్మంలోనే మేబెల్ ఎదురొచ్చింది. "వచ్చావా అమ్మాయ్? గొంతు పోయిందా? సర్లే, మాట్లాడకు. కొబ్బరన్నం పెట్టెయ్, జనం వచ్చేస్తారు."

లేదత్తయ్యా, బాగానే ఉంది అనబోయింది హదస్సా. మేబెల్ అప్పటికే మోకాలు పట్టుకుని కుర్చీల వైపు వెళ్ళిపోయింది. సరే, ఎవరైనా అడిగితే చెప్దాం అనుకుని వంటింట్లోకి నడిచింది. చిత్రమేమిటంటే ఎవరూ అడగలేదు. రిచర్డ్ వచ్చి భుజం తట్టి, వేడినీళ్ళ గ్లాసు గట్టు మీద పెట్టి, పాస్టరుగారికి కారం తక్కువుండాలని చెప్పి వెళ్ళాడు. క్యారల్ వచ్చి ప్లేట్లు ఎక్కడున్నాయని అడిగి, జవాబు కోసం ఆగకుండా అల్మరా తెరిచి తీసుకుంది. శారదమ్మ గోడ మీదనుంచి కరివేపాకు అందిస్తూ, "అయ్యో, మాట్లాడకమ్మా, గొంతు బాలేదంట కదా" అని తనే నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళింది. ఇంతసేపూ హదస్సా నోట్లో నిక్షేపంలాంటి గొంతుంది. ఆ ఇంట్లో ఒక్కరికీ దానితో పని పడలేదు. పడనంతకాలం అది ఉందో లేదో కూడా ఎవరికీ తెలియదని ఆమెకు ఆ రోజే తెలిసింది. అన్నం దించి, మూత మీద బరువు పెట్టి, చీర మార్చుకుంది.

కూటం మొదలైంది. హాలంతా నిండింది. రెండు పాటలు పాడారు, పాస్టరు జెరెమియాగారు ఒక కీర్తన చదివి చిన్న మాట చెప్పారు. "ఇప్పుడు దంపతుల సాక్ష్యం" అన్నారు. రిచర్డ్ లేచాడు. ఎప్పటిలాగే హదస్సా లేచి అతని పక్కన నిలబడింది.

"ప్రభువు నామమున అందరికీ వందనాలు," అన్నాడు రిచర్డ్. "మా మిసెస్‌కు గొంతు బాలేదు. మీకు తెల్సిందే కదా, ప్రతి ఏడాది ఇదే కథ." కొందరు నవ్వారు. "అందుకని ఆమె తరఫున సుత నేనే చెప్తున్న. ఈ ఏడాది దేవుడు మమ్మల్ని ఎంతగానో నడిపించిండు. అన్నిటికంటే పెద్ద మేలు ఏందంటే, ఇయాల్టితో హదస్సా ఆ ఉద్యోగం మానేసింది. అమ్మ ఆపరేషన్ ఉంది కాబట్టి, ఇంట్లనే ఉండి చూసుకుంట అని తనంతట తానే ముందుకొచ్చింది. నేనొక్క మాట సుత అనలేదు. ఆమె త్యాగం కోసం దేవునికి స్తోత్రం."

"స్తోత్రం," అంది హాలంతా. మేబెల్ కొంగుతో కళ్ళొత్తుకుంది.

హదస్సా అత్తగారి మోకాళ్ళ వైపు చూసింది. వాచి ఉన్నాయి, పాపం. వాటిని చూసుకోవాల్సి వస్తే చూసుకుంటుందేమో, అది వేరే సంగతి. తనంతట తానే అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. చెయ్యని పనికి మెచ్చుకోలు, అనని మాటకు స్తోత్రం. దేవుడి ఎదుట ఆమె ఇప్పుడొక సాక్ష్యం చెప్పేసింది, నోరు తెరవకుండానే. ఇంకో నిమిషంలో పాస్టరుగారు దాని మీద ప్రార్థన చేస్తారు. అందరూ ఆమెన్ అంటారు. రేపు గొంతెత్తితే, నిన్న అందరి ముందు చెప్పిన కదా, నువ్వేం అనలేదు అంటాడు రిచర్డ్. సోమవారం ఛానెల్‌వాళ్ళు పిలిచినా పిలవకపోయినా, ఆ ఆమెన్ తరవాత ఇక పలకడానికి ఎవరూ మిగలరు. పాస్టరుగారు అప్పటికే కళ్ళు మూసుకుని చేతులు పైకెత్తారు.

"ఏమండీ," అంది హదస్సా.

గట్టిగా అనలేదు. అయినా హాలు మొత్తానికి వినబడింది. పాస్టరుగారు కళ్ళు తెరిచారు. ప్లేట్లు తుడుస్తున్న క్యారల్ చెయ్యి ఆగిపోయింది. రిచర్డ్ పక్కకు తిరిగి, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియనట్టు ఆమె ముఖంలోకి చూశాడు.

"నీ గొంతు..." అన్నాడు.

"బాగనే ఉందండీ. పొద్దుట్నుంచి బాగనే ఉంది, ఎవ్వరూ అడగలే. నేను పని మానలేదు. మానుతా అని ఎవ్వరితోని అనలేదు. నా సాక్ష్యం నేనే చెప్పుకుంట." ఆమె కొంగు సర్దుకుని ఒక అడుగు ముందుకు వేసింది. "మీరు జెర కూచోండి."